క్యాండ్రియా కుర్చీలో కేట్లిన్
కళాశాల మైదానాలు: ధారావాహిక – 11

2022 మే నెలలో జాతీయ పోటీలకు జట్లను ఎంపిక చేసే నాటికి అరిజోనా విశ్వవిద్యాలయం సాఫ్ట్‌బాల్ జట్టు ఖాతాలో 33 గెలుపులు, 20 ఓటములు ఉన్నాయి. చూడ్డానికి ఫరవాలేదనిపించే లెక్కే. కానీ ఆ 20 ఓటముల్లో 16 సొంత కూటమి జట్ల చేతిలో తిన్నవి. ప్యాక్-12 కూటమిలో 24 మ్యాచ్‌లు ఆడి ఎనిమిదే గెలిచారు. పట్టికలో వాళ్ల పేరు వెతకాలంటే కింది నుంచి చదవడం మొదలుపెట్టాలి. మరో ఊళ్లో అయితే దీన్ని చెడ్డ ఏడాది అనుకుని వదిలేసేవారు. ఈ విశ్వవిద్యాలయం ఉన్న టూసాన్‌లో అలా కుదరదు. ఎందుకంటే ఆ ఊళ్లో 36 ఏళ్లుగా ఒక్కడే కోచ్. ఆయన దిగిపోయాక వచ్చిన మొదటి ఏడాది ఇది.

గత భాగంలో 1972 నాటి టైటిల్ నైన్ చట్టం గురించి చెప్పుకున్నాం. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడపిల్లల పట్ల వివక్ష చూపకూడదన్న ఆ ఒక్క నిబంధన అమెరికా కళాశాలల మైదానాలను ఎలా మార్చేసిందో చూశాం. ఆ చట్టం వల్ల ఎక్కువ లాభపడిన ఆటల్లో సాఫ్ట్‌బాల్ ఒకటి. 1982లో జాతీయ కళాశాలల క్రీడాసంఘం, అంటే ఎన్‌సీఏఏ, మహిళల సాఫ్ట్‌బాల్ పోటీలను తన చేతిలోకి తీసుకుంది. తొలి దశాబ్దంలో రాజ్యం లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్‌ఏదే. ఆ రాజ్యానికి ఎడారి వైపు నుంచి పోటీదారును తయారుచేసినవాడు మైక్ క్యాండ్రియా.

క్యాండ్రియా అంతకుముందు సెంట్రల్ అరిజోనా కాలేజీ అనే రెండేళ్ల కళాశాలలో కోచ్. 1984లో, 1985లో అక్కడి జట్టును జూనియర్ కళాశాలల జాతీయ విజేతగా నిలిపాడు. 1985లోనే అరిజోనా విశ్వవిద్యాలయం పిలిచింది. 1988లో ఆయన జట్టు మొదటిసారి ఉమెన్స్ కాలేజ్ వరల్డ్ సిరీస్‌కు చేరింది. దేశం మొత్తం మీద ఆఖరికి మిగిలే ఎనిమిది జట్ల పోటీ అది. 1991లో ఫైనల్లో యూసీఎల్‌ఏను 5-1తో ఓడించి మొదటి కప్పు తెచ్చాడు. తరవాత 1993, 1994, 1996, 1997, 2001, 2006, 2007. మొత్తం ఎనిమిది. 1988 నుంచి 2003 వరకు ఏటా, ఒక్క ఏడూ తప్పకుండా, అరిజోనా ఆ చివరి ఎనిమిదిలో ఉంది. 2001లో ఆయన పిచర్ జెన్నీ ఫించ్ 32 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటీ ఓడలేదు. 2021 జూన్‌లో ఇక చాలని ఆయన ప్రకటించేసరికి అరిజోనా కోచ్‌గా ఆయన గెలుపులు 1,674. అప్పటికి కళాశాల సాఫ్ట్‌బాల్‌లో అన్ని గెలుపులు మరెవరికీ లేవు.

ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న ఒక్కరోజైనా నిలవలేదు. ఆయన దిగుతున్నాడన్న వార్త, ఆమె ఎక్కుతోందన్న వార్త కలిసే వచ్చాయి. ఆమె పేరు కేట్లిన్ లో. అప్పటికి 36 ఏళ్లు. ఆయన దగ్గరే ఆడింది, ఆయన కిందే సహాయ కోచ్‌గా ఏళ్ల తరబడి పనిచేసింది.

కేట్లిన్ ఆట చూడనివాళ్లకు ఆమె ఎలాంటి బ్యాటరో కాస్త చెప్పాలి. సాఫ్ట్‌బాల్‌లో బేస్‌కు బేస్‌కు మధ్య దూరం 60 అడుగులే. పిచర్ 43 అడుగుల దూరం నుంచి చేతిని చక్రంలా తిప్పి నడుము కింద నుంచి బంతి వదులుతుంది. మంచి పిచర్ల బంతి గంటకు 110 కిలోమీటర్ల దాకా వస్తుంది. అంత దగ్గర్నుంచి అంత వేగంగా వచ్చే బంతిని గట్టిగా బాదడమే ఒక మార్గం కాదు. ఎడమచేతి వాటం బ్యాటర్లు కొందరు బంతి చేతి నుంచి వెలువడే క్షణానికే పరుగు అందుకుంటారు. పరిగెడుతూనే బంతిని నేల మీదికి చిన్నగా తట్టి పంపుతారు. ఫీల్డరు వంగి అందుకుని విసిరేలోపు వాళ్లు మొదటి బేస్ మీద ఉంటారు. దీన్ని స్లాపింగ్ అంటారు. చూడ్డానికి అల్లరి పనిలా కనిపిస్తుంది గానీ కాలు, కన్ను, మణికట్టు ఒకేసారి కుదరాలి. ఈ విద్యలో కేట్లిన్ తన తరంలో అగ్రశ్రేణి. నాలుగేళ్లూ ఆల్ అమెరికన్, అంటే దేశంలోని మేటి కళాశాల క్రీడాకారిణుల జాబితాలో ఉంది. సెంటర్ ఫీల్డ్‌లో ఆమె వైపు బంతి లేపితే అవుటయినట్టే లెక్క. 

కేట్లిన్ కథలో నన్ను ఆపేసింది ఆమె మొదటి ఏడాది. 2004లో ఆమె కొత్తగా టూసాన్ వచ్చేసరికి క్యాండ్రియా అక్కడ లేడు. ఏథెన్స్ ఒలింపిక్స్‌కు వెళ్లే అమెరికా జట్టు బాధ్యత తీసుకుని ఆ సీజనంతా సెలవులో ఉన్నాడు. తాత్కాలికంగా ఆయన సహాయకుడు ల్యారీ రే జట్టును నడిపాడు. ఆ ఏడాది అరిజోనా సీజన్ పొడవునా గెలుస్తూనే వచ్చింది. దేశంలోని బలమైన జట్లలో ఒకటిగా మే నెలలోకి అడుగుపెట్టింది. అడుగుపెట్టి, తొలి మెట్టు మీదే జారింది. 16 ఏళ్ల వరస అక్కడ తెగింది. ఒక్లహోమా సిటీలో వరల్డ్ సిరీస్ వాళ్లు లేకుండానే జరిగిపోయింది.

క్యాండ్రియాకు ఆ వేసవి అంతకంటే కఠినమైనది. ఒలింపిక్స్‌కు నెల కూడా లేదనగా, జట్టు సన్నాహక పర్యటనలో ఉండగా, ఆయన భార్య స్యూ మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయింది. ఆయన ఏథెన్స్ వెళ్లాడు. అమెరికా జట్టు టోర్నీ మొత్తంలో 51 పరుగులు చేసి, ప్రత్యర్థులకు ఒక్కటంటే ఒక్కటే ఇచ్చి బంగారు పతకం గెలిచింది. తిరిగొచ్చి 2005 నుంచి మళ్లీ టూసాన్ జట్టును పట్టుకున్నాడు. 2006లో కేట్లిన్ జట్టు కప్పు గెలిచింది. 2007లో మళ్లీ. ఆ రెండో కప్పు ఎవరిదని అడిగితే టూసాన్‌లో ఎవరైనా టారిన్ మొవాట్ పేరే చెబుతారు. వరల్డ్ సిరీస్‌లోని ఎనిమిది మ్యాచ్‌ల్లో 60 ఇన్నింగ్స్, 1,035 బంతులు ఆమె ఒక్కతే వేసింది. టెనసీతో ఫైనల్ మూడు మ్యాచ్‌లది. మొదటిది 3-0తో పోయింది. రెండోది పది ఇన్నింగ్స్ సాగి 1-0తో దక్కింది. మూడోది 5-0. ఆ మొవాటే 2022లో కేట్లిన్ పక్కన పిచింగ్ కోచ్‌గా ఉంది.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో క్యాండ్రియా కోచ్, కేట్లిన్ క్రీడాకారిణి. అప్పటికి ఓటమి ఎలా ఉంటుందో మరిచిపోయిన అమెరికా జట్టు ఫైనల్లో జపాన్ చేతిలో 3-1తో ఓడింది. జపాన్ పిచర్ యుకికో ఉయెనో రెండు రోజుల్లో 413 బంతులు వేసింది. కేట్లిన్‌కు దక్కింది వెండి. అక్కడితో సాఫ్ట్‌బాల్‌ను ఒలింపిక్స్ నుంచే తీసేశారు. మళ్లీ రావడానికి టోక్యో దాకా ఆగాల్సి వచ్చింది.

కొత్త కోచ్ వచ్చాడంటే ఆటల పేజీల్లో ఒక పాత కథ సిద్ధంగా ఉంటుంది. అలవాట్లు మార్చాడు, నియమాలు బిగించాడు, బద్ధకస్తుల్ని దారికి తెచ్చాడు అని. కేట్లిన్ విషయంలో ఈ కథ అతకదు. పాతదాన్ని కూలగొట్టడానికి ఆమెను తెచ్చుకోలేదు. పాతది తెలిసిన మనిషి అని తెచ్చుకున్నారు. ఆమె చేతికి వచ్చిన జట్టు మాత్రం పాతది కాదు. కొవిడ్ వల్ల 2020 సీజన్ మధ్యలో ఆగిపోవడంతో ఆ ఏడాది ఆడినవాళ్లకు ఒక సంవత్సరం అదనంగా ఇచ్చారు. క్యాండ్రియా చివరి జట్టు నిండా అలా ఆగిన సీనియర్లే. కళాశాల జీవితంలో 92 హోమ్ రన్లు కొట్టిన జెస్సీ హార్పర్, టోక్యో ఒలింపిక్స్ జట్టులోని క్యాచర్ డేజా ములిపోలా ఆ జట్టులోవాళ్లే. 2021 వరల్డ్ సిరీస్‌లో ఆ జట్టు రెండు మ్యాచ్‌లూ ఓడి వెనక్కొచ్చింది. కోచ్‌తో పాటు వాళ్లూ సెలవు తీసుకున్నారు. పేరు, స్టేడియం, కప్పుల అల్మరా కేట్లిన్‌కు మిగిలాయి. బ్యాటింగ్ వరసలో మాత్రం ఖాళీలు మిగిలాయి.

ఫిబ్రవరి, మార్చి బాగానే గడిచాయి. కూటమి బయటి జట్లతో ఆ సీజన్లో 29 మ్యాచ్‌లు ఆడి 25 గెలిచారు. కార్లీ స్కూపిన్, ఆలీ స్కాగ్స్, షార్లీజ్ పలాసియోస్ బంతిని కంచె దాటించగలిగినవాళ్లు. తరవాత ప్యాక్-12 మొదలైంది. ఇక్కడి పద్ధతి మనకు తెలిసిన లీగుల లాంటిది కాదు. వారాంతానికి ఒకే ప్రత్యర్థి. శుక్ర, శని, ఆదివారాలు వరసగా మూడు మ్యాచ్‌లు. మొదటిరోజు మీ పిచర్ బంతుల్ని ఎదుటివాళ్లు చదివేశారంటే మిగతా రెండు రోజులు ఎక్కడ దాక్కుంటారు? ఆ కూటమిలో కొత్త కోచ్‌కు మొదటి గెలుపు కోసం వారాలు ఎదురుచూపు తప్పలేదు. ఒక వారాంతపు ఓటమి మీద మరో వారాంతపు ఓటమి పేరుకుంది. సొంత మైదానం హిలెన్‌బ్రాండ్ స్టేడియంలో 1993 నుంచి పాతుకుపోయిన అభిమానులకు ఇలాంటి వసంతం కొత్త.

అయినా ఎంపిక సంఘం అరిజోనా పేరు తీసేయలేదు. దేశంలో దాదాపు 300 జట్లుంటే జాతీయ పోటీకి 64 వెళ్తాయి. అందులో 16 జట్లకు సీడింగ్, సొంత మైదానంలో ఆడే వీలు. మిగతా 48 జట్లు సంచులు సర్దుకుని వాళ్ల ఊళ్లకు పోవాలి. ఏళ్ల తరబడి ఇతరుల్ని టూసాన్‌కు రప్పించుకున్న అరిజోనా ఈసారి మిజోరీ రాష్ట్రంలోని కొలంబియాకు బయలుదేరింది. అక్కడి మిజోరీ విశ్వవిద్యాలయం 15వ సీడు.

రీజనల్ అంటే నాలుగు జట్లు, రెండోసారి ఓడితే ఇంటికి. అరిజోనాకు ఆ రెండో అవకాశం అవసరమే పడలేదు. ఆడిన మూడూ గెలిచింది. సీనియర్ పిచర్ హానా బోవెన్, బంతి వేయడంతో పాటు బ్యాటూ పట్టే డెవిన్ నెట్జ్, నెలల తరబడి దెబ్బలు తిన్న ఆ పిచింగ్ దళమే, అక్కడ ఆతిథ్య జట్టు బ్యాటర్లను కట్టిపడేసింది.

తరవాతి మెట్టు సూపర్ రీజనల్. మూడింట్లో రెండు గెలవాలి. మామూలుగా ఈ దశలో సీడు లేని జట్టు ఏ పెద్దజట్టు ఇంటికో వెళ్లి చితికిపోతుంది. ఈసారి అటువైపు మరో వింత జరిగింది. దేశంలో రెండో సీడు ఫ్లోరిడా స్టేట్‌ను దాని సొంత ఊరు ట్యాలహాసీలోనే మిసిసిపీ స్టేట్ ఓడించింది. దాంతో సీడు లేని జట్లు రెండూ మిసిసిపీలోని స్టార్క్‌విల్‌లో తలపడ్డాయి. ఆ ఊరికి సూపర్ రీజనల్ రావడమే మొదటిసారి. అరిజోనా 3-2తో ఒకటి, 7-1తో ఇంకొకటి గెలిచి అక్కడితో తేల్చేసింది. కూటమిలో 16 సార్లు ఓడిన జట్టు జాతీయ పోటీలో ఐదుకు ఐదు గెలిచి దేశంలోని చివరి ఎనిమిదిలో నిలిచింది. విశ్వవిద్యాలయ చరిత్రలో ఇది 25వ వరల్డ్ సిరీస్.

దీన్ని అద్భుతంగా చెప్పుకున్నవాళ్లే ఎక్కువ. నేను ఒప్పుకోను. అద్భుతం అనేసరికి లెక్క చూడాల్సిన పని తప్పిపోతుంది. ఆ మే నెలలో ప్యాక్-12 జట్లన్నీ ఏం చేశాయో ఒకసారి చూడండి. సూపర్ రీజనల్‌కు చేరిన 16 జట్లలో ఐదు ఆ కూటమివే. అలబామాను దాని ఊళ్లోనే పడగొట్టి స్టాన్‌ఫర్డ్ వచ్చింది. టెనసీని దాని ఊళ్లోనే దాటి ఒరెగాన్ స్టేట్ వచ్చింది. ఆ రెండూ ఒకదానితో ఒకటి తలపడగా ఒరెగాన్ స్టేట్ నెగ్గింది. చివరి ఎనిమిదిలో యూసీఎల్‌ఏ, ఒరెగాన్ స్టేట్, అరిజోనా, అంటే మూడు జట్లు ఒకే కూటమివి. వాటిలో రెండింటికి సీడే లేదు. అరిజోనాను వారాంతాల్లో ఉతికి ఆరేసింది ఇలాంటి జట్లే. యూనిట్ పరీక్షల్లో పిసినారిగా మార్కులేసే బడిలో చదివిన పిల్ల పబ్లిక్ పరీక్షలో గట్టెక్కితే ఆ ఊళ్లో ఎవరూ నోరెళ్లబెట్టరు.

ఈ లెక్కకు రెండో ముఖం కూడా ఉంది, దాన్నీ దాచకూడదు. ప్యాక్-12 విజేత ఎవరు? అరిజోనా స్టేట్. టూసాన్‌కు రెండు గంటల దారిలోని టెంపీ జట్టు, వీళ్లకు పుట్టు ప్రత్యర్థి. 24లో 21 గెలిచి, ఎనిమిదో సీడు తెచ్చుకుని, సూపర్ రీజనల్ సొంత మైదానంలో ఆడి, నార్త్‌వెస్టర్న్ చేతిలో ఓడింది. పట్టిక పైనున్న జట్టు ఇంట్లో కూర్చుంది, కిందున్నది ఒక్లహోమా సిటీ విమానం ఎక్కింది. కాబట్టి బలమైన కూటమి అన్న వివరణ సగమే. మిగతా సగం అదృష్టానిదీ, ఆ మూడు వారాల్లో చేయి కుదిరిన ఇద్దరు ముగ్గురు పిచర్లదీ. 2004లో ఏడాదంతా గెలిచి మే నెలలో జారిన జట్టులో కేట్లిన్ కొత్త పిల్ల. 2022లో కూటమిలో ఓడుతూ వచ్చి మే నెలలో లేచిన జట్టుకు ఆమె కోచ్. ఈ పోటీ పద్ధతి ఎంత నిర్దయగా ఉండగలదో, ఎంత ఉదారంగా ఉండగలదో రెండూ చూసిన మనిషి ఆ డగౌట్‌లో ఆమె కాక ఇంకెవరైనా ఉన్నారా?

ఒక్లహోమా సిటీ స్టేడియంలో ఇప్పుడు దాదాపు 13 వేల మంది పడతారు. మొదటి మ్యాచ్ ఒక్లహోమా స్టేట్‌తో. వాళ్లకు అది దాదాపు సొంత మైదానమే, జనమంతా వాళ్ల రంగు. 4-2తో అరిజోనా ఓడింది. అక్కడితో ఇంటిదారి పట్టేలా ఉన్నారనుకుంటే, రెండో మ్యాచ్‌లో ఎదురుపడింది ఒరెగాన్ స్టేట్. పాత పరిచయమే. 3-1తో గెలిచారు. క్యాండ్రియా చివరి జట్టు అంతకుముందు ఏడాది ఇక్కడ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. శిష్యురాలి మొదటి జట్టు ఒకటి గెలిచింది. తరవాత టెక్సస్ వచ్చింది, 5-2తో పంపించేసింది. టెక్సస్‌కూ సీడు లేదు. ఆ జట్టు అక్కడ ఆగక ఫైనల్ దాకా పోయింది. సీడు లేకుండా ఫైనల్ చేరిన మొదటి జట్టు అదే. అక్కడ ఒక్లహోమా చేతిలో 16-1, 10-5 తేడాతో నలిగిపోయింది. ఆ ఒక్లహోమా జట్టు కథ, ప్యాటీ గాసో అనే కోచ్ కథ, ఈ ధారావాహికలో విడిగా ఒక భాగానికి సరిపడేంత ఉంది.

అరిజోనా సీజన్ 39 గెలుపులు, 22 ఓటములతో ముగిసింది.

కథను ఇక్కడే కట్టేసేవాళ్లున్నారు. నేను ఇంకో ఏడాది ముందుకు వెళ్తాను, వెళ్లకపోతే మొదటి ఏడాది అర్థం కాదు. 2021 నుంచి కళాశాల క్రీడాకారులు ఒకసారి బడి మారినా ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదన్న నిబంధన వచ్చింది. 2022 సీజన్ కాగానే పలాసియోస్ యూసీఎల్‌ఏకు వెళ్లిపోయింది. బోవెన్ కళాశాల జట్టుకు ఆడే గడువు ముగిసింది. 2023లో జట్టు 29 గెలిచి 25 ఓడింది. కూటమిలో ఆరు గెలుపులు, 18 ఓటములు. ముందటి ఏడాదికీ దీనికీ తేడా రెండంటే రెండు మ్యాచ్‌లు. మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం 64 జట్ల పేర్లు టీవీలో చదివారు. అందులో అరిజోనా లేదు. 1987 నుంచి, పోటీలే జరగని 2020ని మినహాయిస్తే, ఏటా పిలుపు అందుకున్న జట్టు అది. ఒక ఏడాది చివరి ఎనిమిది, మరుసటి ఏడాది 64లో కూడా చోటు లేదు. కోచ్ అదే మనిషి.

విశ్వవిద్యాలయం ఆమెను కదపలేదు. 2024లో జట్టు మళ్లీ జాతీయ పోటీకి వచ్చింది. ఆర్కన్సా ఊరు ఫేయెట్‌విల్‌లో జరిగిన రీజనల్ గెలిచి సూపర్ రీజనల్‌కు చేరింది, అక్కడ ఒక్లహోమా స్టేట్ చేతిలో ఆగింది. ఆ వేసవిలోనే అరిజోనా బిగ్-12 కూటమికి మారింది. కేట్లిన్‌ను మొదటి ఏడాది 16 సార్లు ఓడించిన ప్యాక్-12 నుంచి అదే వేసవి పది విశ్వవిద్యాలయాలు బయటికి నడిచాయి. వందేళ్లకు పైబడిన ఆ కూటమిని టెలివిజన్ డబ్బు ఎలా చీల్చిందో వచ్చే భాగంలో.